మంచు బాటతో సహా

పెటిట్-రీవ్,
12 అక్టోబరు 1996

ఒరేయ్ లాయరు దొరా,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఆఁ, ఊఁ, చూద్దాం అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీదయితే ఏదో ఒకటి రాయక తప్పదు. అమ్మ పోయాక పదకొండేళ్ళవాడివి నిన్ను హాస్టల్లో దింపి వచ్చిన రోజు నుంచీ మనకు ఉత్తరాలే కదా అలవాటు.

సంగతేమిటంటే, రెండు వారాలుగా మన నదిలో ఎవరో పంటు మీద యంత్రం పెట్టి అడుగున బొరియలు వేస్తున్నారు. మన రేవుకి పద్నాలుగు కిలోమీటర్లు దిగువన. వంతెన వస్తుందట. ప్రభుత్వం కాదట కట్టేది, ఏదో కంపెనీ కడుతుందట. ముప్ఫై ఏళ్ళు టోలు వసూలు చేసుకుని తర్వాత ప్రభుత్వానికి ఇచ్చేస్తుందట. వస్తే రానీ. వంతెనలంటే నాకేం పగ లేదు. కానీ మన బల్లకట్టు సంగతేమిటి? ఆరు కార్లు పట్టే బల్లకట్టు, ఇరవై రెండేళ్ళుగా నేను సరంగుని. అవతలి ఒడ్డున మోంక్లేర్‌లోనే ఆసుపత్రి, బడి, బజారు అన్నీ. ఎక్కినవాళ్ళు ఒక్క సెంటు ఇవ్వక్కర్లేదు. నా కింద తాళ్ళు పట్టే ఫెర్నాన్ రోజుకి నాలుగుసార్లు అడుగుతున్నాడు: "కెప్టెన్ గారూ, మీ తమ్ముడు రోడ్ల శాఖలోనే కదా, ఆయనకి తెలీదా?"

తెలీకుండా ఎలా ఉంటుంది అని నేను గొప్పగా అన్నాను. కాబట్టి తెలుసుకుని రాయి.

జోయెల్ మాస్టారు నిన్ను అడిగారు. కళ్ళకి శుక్లాలు, ఆపరేషన్ అంటే భయం. "మన రెయాల్ నా బడిలో కాగితం మీద గీత గీస్తే స్కేలు సిగ్గుపడేది" అని ఇప్పటికీ చెప్తారు. వాళ్ళావిడ ఆల్వినా గారు బెల్లంపాకం బిస్కట్లు పంపారు, పార్సెల్లో చూసుకో. రాయిలా ఉంటాయి, పాలలో ముంచుకో.

నదికి ఇవతలి నుంచి,
అక్క ఎడ్మే


రాజధాని,
27 అక్టోబరు 1996

అక్కకు,

బిస్కట్లు అందాయి. ముంచినా నానలేదు.

వంతెన మాట నిజమే. నేనూ ఆ పనిలో ఉన్నాను. నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఒక పెద్ద కాగితం మీద పట్టిక ఉంటుంది. ఎడమపక్కన జరగడానికి వీలున్న చెడులన్నీ వరసగా రాస్తాం. నది అడుగున రాయి ఉండాల్సిన చోట బురద తగలడం, ఇనుము ధర పెరగడం, మంచుగడ్డలు వచ్చి స్తంభాలకు కొట్టడం, అనుకున్నన్ని బళ్ళు వంతెన ఎక్కకపోవడం. ఒక్కోదాన్నీ ఒక్కో రిస్కు అంటాం. ప్రతి రిస్కుకీ ఎదురుగా రెండు గళ్ళు. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి కంపెనీది. దేన్ని ఎవరు బాగా అదుపులో పెట్టగలరో వాళ్ళ గడిలో టిక్కు పెట్టాలి. ఎవరూ తీసుకోని రిస్కు మిగలకూడదు. చూడ్డానికి సులువుగా ఉంటుంది, ఒక్కో టిక్కు కోసం మూడు నెలలు కొట్టుకుంటాం.

బళ్ళ రిస్కు అన్నిటికన్నా పెద్దది. మామూలుగా కంపెనీలు, "బళ్ళు రాకపోతే ఆ లోటు ప్రభుత్వమే పూడ్చాలి" అని రాయించుకుంటాయి. అప్పుడది జనం పన్నుల్లోంచే పోతుంది. ఈసారి దాన్ని కంపెనీ గడిలోకి నెట్టాలని మా పట్టుదల.

బల్లకట్టు గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఏదీ ఖాయం కాలేదు. నువ్వు కంగారు పడకు. మాస్టారిని ఆపరేషన్ చేయించుకోమను.

నీ తమ్ముడు,
రెయాల్


పెటిట్-రీవ్,
20 సెప్టెంబరు 1998

రెయాల్,

రెండేళ్ళుగా "ఇంకా మాట్లాడుకుంటున్నారు" అనే రాస్తూ వచ్చావు. మాట్లాడుకోవడం అయిపోయినట్టుంది. నిన్న రోడ్ల శాఖ మేస్త్రీ వచ్చి రేవు దగ్గర గుంజకి కాగితం కొట్టి వెళ్ళాడు. అక్టోబరు 31 ఆఖరి రోజు. నవంబరు ఒకటిన వంతెన తెరుస్తారు. బల్లకట్టుని విప్పి పాత ఇనుము కింద అమ్ముతారట.

నిన్న సాయంత్రం చర్చి హాల్లో మీటింగ్ పెట్టుకున్నాం. అందరూ అరిచారు. నేను లేచి ఏమన్నానో తెలుసా? "నా తమ్ముడు అక్కడే ఉన్నాడు. వాడు చేయగలిగినంతా చేసే ఉంటాడు. ఇంకా చేస్తాడు" అన్నాను. జోయెల్ మాస్టారు లేచి చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే అందరూ కొట్టారు. నీకు చెప్పకుండా నీ పేరు వాడుకున్నందుకు తిట్టకు.

నువ్వు ఒక్కటి చెయ్యి. బల్లకట్టు ఆపాలని ఎందుకు పట్టుబట్టారో, దాన్నెవరు రాశారో కనుక్కో. ఇంత పెద్ద వంతెనకి మా ఆరు కార్ల బల్లకట్టు అడ్డమా? మేం తెగ్గొడితే తెగే తాడు మీద నడుస్తాం, వాళ్ళు కాంక్రీటు మీద నడుస్తారు. ఎవరికి ఎవరంటే భయంరా?

వంతెన మీదుగా ఆసుపత్రికి వెళ్ళాలంటే ఒకవైపే ముప్ఫై కిలోమీటర్లు పైన. నది మీద ఆరు వందల మీటర్లు. కారు లేనివాళ్ళు ఏం చెయ్యాలో ఆ పట్టికలో ఎక్కడైనా రాశావా?

కోపంగా ఉన్నాను, నీ మీద కాదు.

ఎడ్మే


రాజధాని,
4 అక్టోబరు 1998

అక్కా,

నేను చాలా ప్రయత్నించాను. అది పైవాళ్ళ నిర్ణయం. కంపెనీ బళ్ళ రిస్కు మోయాలంటే దాని దగ్గర్లో ఇంకో దారి ఉండకూడదని షరతు పెట్టింది. ఉచితంగా దాటే దారి పక్కనే ఉంటే టోలు కట్టి ఎవరు వస్తారని వాళ్ళ వాదన. మొత్తం లెక్కన చూస్తే రాష్ట్రానికి మంచిదే.

నీకు పూర్తి పింఛను వచ్చేట్టు చూశాను. నాలుగేళ్ళు ముందే ఇస్తారు. అంతవరకే నా చేతిలో ఉంది.

మీటింగులో నా పేరు ఇంకెప్పుడూ ఎత్తకు. దయచేసి.

రెయాల్


పెటిట్-రీవ్,
6 జనవరి 1999

తమ్ముడూ,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. నువ్వు పండక్కి రాలేదు, పని ఉందన్నావు. సరే.

నది క్రిస్మస్ నాటికే గట్టిపడింది. నాకు చేతులు ఊరికే ఉండవు కదా. ఏటా ఈ రోజులకి రోడ్ల శాఖ నాకు మంచు బాట పని ఇచ్చేది. ఒడ్డు నుంచి ఒడ్డుకి బర్మాతో మంచుకి రంధ్రాలు వేసి, మందం కొలిచి, ఇరవై అడుగులకొక ఫర్ మొక్క గుర్తుగా పాతుకుంటూ పోతే ఆ మొక్కల వెంటే కార్లు, మనుషులు దాటేవాళ్ళు. ఈసారి ఎవరూ పిలవలేదు. నేనే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను.

"కుదరదమ్మా" అన్నాడు. "ఒప్పందంలో ఉంది."

"బల్లకట్టు కదరా ఒప్పందంలో ఉంది?"

"'ఇతర దాటు మార్గాలు ఏవైనా, మంచు బాటతో సహా' అని ఉంది. గుర్తులు పెట్టకూడదు, మంచు తొయ్యకూడదు. నాకు కాగితం చూపించారు."

రెయాల్, అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. ఆ కంపెనీ వాళ్ళూ, వాళ్ళ లాయర్లూ టొరంటో మనుషులు. బల్లకట్టు సరే, మ్యాపులో ఉంటుంది. మంచు బాట ఏ మ్యాపులో ఉంది? డిసెంబరులో పుట్టి మార్చిలో పోయేది. ఇక్కడ పుట్టినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? మనవాడే ఎవడో చెప్పాడు. ఎవడో నాకు తెలుసు. ఆ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

ఇంతకీ మొక్కలు నేనే పాతేశాను, నా డబ్బుతో. సెలెస్తాన్ వాగు కలిసే చోట నీటి పారుడుకి మంచు కింద నుంచి కొరుక్కుపోతుంది కదా, అక్కడ ఎప్పట్లాగే దూరంగా చుట్టు తిప్పాను. ఆల్వినా గారు తుంటి విరిగి మోంక్లేర్ ఆసుపత్రిలో ఉన్నారు. మాస్టారు రోజూ మధ్యాహ్నం ఫ్లాస్కులో సూపు పట్టుకుని బాట మీద నడిచి వెళ్తున్నారు. చూపు సగమే. ఒక్కో మొక్కనీ చేత్తో తాకుతూ పోతారు. దూరం నుంచి చూస్తే చిన్నపిల్లల హాజరు తీసుకుంటున్నట్టే ఉంటుంది.

ఎడ్మే


రాజధాని,
14 జనవరి 1999

అక్కా,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నీకు తెలిసిపోయిందన్నమాట. ఎలా తెలిసిందని అడగను.

ఒక్క మాట మాత్రం చెప్పనీ. ఆ మనిషి ఎవరికీ చెడు తలపెట్టి ఆ పని చెయ్యలేదు. పెద్దవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు తనకీ ఏదో తెలుసని చూపించుకోవాలనే యావ. నోరు జారింది. జారిన మాట కాగితం మీదికి ఎక్కింది. ఆ తర్వాత వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. అతన్ని క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. నువ్వు ఇక మాట్లాడనన్నా నాకు అర్థమవుతుంది.

జవాబు రాస్తే చాలు. తిట్టయినా సరే.

రెయాల్


పెటిట్-రీవ్,
29 జనవరి 1999

ఒరేయ్,

ఫెర్నాన్‌ని ఇలా వెనకేసుకొస్తావనుకోలేదు!

నీకు వాడు చెప్పాడా, నువ్వే కనుక్కున్నావా? ఏదైతేనేం, నా అనుమానం నిజమైంది. పదేళ్ళు నా పక్కన తాళ్ళు పట్టినవాడు, బల్లకట్టు ఆగిన మర్నాడే వంతెన మీద టోలు గదిలో ఉద్యోగానికి ఎలా చేరాడా అనుకున్నాను. ముందే మాటిచ్చి ఉంటాడు. నువ్వు మంచివాడివి, క్షమించమంటావు. నా వల్ల కాదు. మొన్న ఆదివారం చర్చిలో వాడు "కెప్టెన్ గారూ" అని చెయ్యి చాపితే, అందరూ చూస్తుండగా నా చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాను. వాడి పెళ్ళాం ఏడ్చుకుంటూ బయటికి పోయింది. ఇప్పుడు ఊళ్ళో సగంమంది వాళ్ళతో మాట్లాడ్డం లేదు.

అది వదిలెయ్. నీ సలహా కావాలి. నిన్న నాకు మీ శాఖ నుంచి నోటీసు వచ్చింది. నా పేరు పెట్టలేదు, "సదరు వ్యక్తి" అని రాశారు. కానీ చిరునామా నాదే. సదరు వ్యక్తి పదిహేను రోజుల్లో మొక్కలన్నీ తీసెయ్యాలట. తియ్యకపోతే, ఆ గుర్తులు నమ్మి ఎవరికి ఏం జరిగినా పూర్తి బాధ్యత సదరు వ్యక్తిదేనట. "శాఖ నుంచి పొందుతున్న ప్రయోజనాలు పునఃపరిశీలనకు లోబడును" అని కూడా ఉంది. పింఛను అనే కదా? చాలా చక్కగా రాశాడురా ఎవడో, ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు.

గుర్తులు పెట్టినా పెట్టకపోయినా జనం నది దాటతారని ఆ రాసినవాడికి తెలీదా? నేనేం చెయ్యను?

మాస్టారు చలికి తట్టుకోలేక నీ పాత ఉన్ని టోపీ అడిగి తీసుకున్నారు. నీకు అభ్యంతరం ఉండదని ఇచ్చేశాను.

ఎడ్మే


రాజధాని,
5 ఫిబ్రవరి 1999

అక్కా,

పీకెయ్యి. వాళ్ళు అన్నంత పనీ చేస్తారు. మాస్టారికి వంతెన మీదుగా టాక్సీ కోసం చెక్కు పంపుతున్నాను, నా పేరు చెప్పకుండా ఇవ్వు.

ఫెర్నాన్ విషయంలో తొందరపడకు. తర్వాత అన్నీ వివరంగా రాస్తాను.

రె.


పెటిట్-రీవ్,
2 మార్చి 1999

రెయాల్,

జోయెల్ మాస్టారు పోయారు.

శుక్రవారం ఆసుపత్రికి బయల్దేరి చేరలేదు. సాయంత్రం ఆల్వినా గారు నర్సు చేత ఫోన్ చేయించారు, "ఆయన ఇంకా రాలేదేం?" అని. నేనూ, మేస్త్రీ, ఇంకో నలుగురం నది మీదికి వెళ్ళాం. సెలెస్తాన్ వాగు మొగలో మంచు తెరుచుకుని ఉంది. పక్కన ఫ్లాస్కు నిలబెట్టినట్టే ఉంది. ఆదివారం పొద్దున గానీ ఆయన దొరకలేదు.

నీ చెక్కు ఇస్తే ఆయన తీసుకోలేదు. "ఎవరు పంపారో చెప్పు, అప్పుడు తీసుకుంటాను" అన్నారు. మొక్కలు పీకుతున్న రోజు నా వెనకే నిలబడి చూశారు. "ఫర్లేదు ఎడ్మే, నలభై ఏళ్ళు నడిచిన దారి, కాళ్ళకి తెలుసు" అన్నారు. ఆయన కాళ్ళకి తిన్నగా పోవడమే తెలుసు. చుట్టు తిరగడం నా మొక్కలకి తెలుసు.

శనివారం అంత్యక్రియలు. విచారణ జరుగుతుందట. నువ్వు రావాలనుకుంటే రా.

ఎ.


రాజధాని,
9 మార్చి 1999

అక్కా,

అంత్యక్రియలకి రాలేదు. స్టేషన్ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాను. కారణం ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది. మూడుసార్లు రాసి చింపాను, ఇది నాలుగోది.

ఫెర్నాన్ ఏ పాపం ఎరగడు. జనవరిలో నేను రాసింది అతని గురించి కాదు. "ఎవడో నాకు తెలుసు" అని నువ్వు రాస్తే, అది నేనేనని నీకు తెలిసిపోయిందని అనుకున్నాను. నా గురించే "ఆ మనిషి" అని రాశాను. "నేను" అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఫెర్నాన్ అనుకున్నావని తెలిశాక కూడా దిద్దలేదు. చర్చిలో అతని చెయ్యి గాల్లో ఉండిపోయిందని చదివి, ఉత్తరం మడిచి సొరుగులో పెట్టి, భోజనానికి వెళ్ళాను.

జరిగింది ఇది. 1996 ఆగస్టులో ఆఖరి విడత చర్చలు. కంపెనీ తరఫున ఆరుగురు, మా తరఫున నలుగురు. బళ్ళ రిస్కు దగ్గర ఆగిపోయింది. కంపెనీ వాళ్ళు చివరికి, "బల్లకట్టు ఆపితే చాలు, బళ్ళు ఎన్ని వచ్చినా రాకపోయినా మాదే భారం, ప్రభుత్వం పూచీ అక్కర్లేదు" అన్నారు. అక్కడితో అయిపోయింది. అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు. అప్పుడు నేను నోరు తెరిచాను. ఎవరూ అడగలేదక్కా. "శీతాకాలంలో నది గడ్డకడితే జనం మంచు మీదనుంచే దాటతారు. కార్లు కూడా పోతాయి. అది కూడా ఒక దారే" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. అన్ని నెలల్లో ఆ గదిలో అందరూ నావైపు తిరగడం అదే మొదలు. అంతకుముందు నా యాస విని నవ్వుకునేవాళ్ళు, నాకు తెలుసు. టొరంటో లాయరు పెన్ను మూత తీసి, "మంచి పాయింటు. మీరే చేర్చండి" అన్నాడు. చేర్చాను. మూడే మాటలు. బయటికొచ్చాక మా పై అధికారి భుజం తట్టి, "రేపు వాళ్ళు మంచు బాటని సాకుగా చూపించి నష్టపరిహారం అడక్కుండా కాపాడావయ్యా" అన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అందుకే చెప్పానని నేనే నమ్మేశాను. రెండు నెలలకి ప్రమోషన్ వచ్చింది. నీకు "ఇంకా ఏదీ ఖాయం కాలేదు" అని రాసిన రోజుకి సంతకాలయి తొమ్మిది రోజులు.

ఆ సాయంత్రం మేం రిస్కు మాయమైపోయిందని సంబరపడ్డాం. అదెక్కడికీ పోలేదు. మా రెండు గళ్ళలోనూ లేకుండా చేశాం, అంతే. గడి లేనివాళ్ళ మీద పడింది. మాస్టారు మోశారు.

ఇంకొకటి ఉంది. నోటీసు నేనే రాశాను. మొక్కలున్నాయని కంపెనీ ఫిర్యాదు పంపితే ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. పాతేది ఎవరో నాకు తెలియకపోతే కదా! నేను రాయనని చెప్పొచ్చు. మా అక్క అని చెప్పొచ్చు. చెప్పలేదు. నీ పేరు రాయలేక "సదరు వ్యక్తి" అని రాసి, సంతకం మాత్రం పై అధికారి చేత పెట్టించాను. చాలా చక్కగా రాశాడెవడో అని నువ్వు మెచ్చుకున్నావు. నువ్వు సలహా అడిగినప్పుడు, నా నోటీసుకి నేనే భయపడమని నీకు రాశాను.

విచారణాధికారికి లేఖ పంపాను, సాక్ష్యం చెబుతానని. ఒప్పందంలో ఆ మాటలు ఎలా వచ్చాయో, నోటీసు ఎవరు రాశారో అంతా చెబుతాను. "నోరు మూసుకుంటే నీకే మంచిది" అన్నాడు పై అధికారి. నోరు తెరవకూడని రోజున తెరిచాను. ఇప్పుడు మూసుకోమంటున్నారు.

క్షమించమని అడగడం లేదు. నిజంగా అడగడం లేదు.

రెయాల్


పెటిట్-రీవ్,
17 మార్చి 1999

రెయాల్,

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు జవాబు రాయలేదు. పొయ్యిలో పెడదామని రెండుసార్లు మూత తీశాను.

సాక్ష్యం సంగతి పేపర్లో వస్తుంది. అది రాకముందే నువ్వు ఇక్కడికి వచ్చి, ఆల్వినా గారి ఎదురుగా కూర్చుని ఈ మాటలన్నీ నీ నోటితో చెప్పాలి. ఆవిడ శనివారం ఇంటికి వస్తున్నారు. తర్వాత ఫెర్నాన్ ఇంటికి వెళ్ళాలి. నేను నీ వెంట రాను. మా ఇంట్లో దిగకు. మోంక్లేర్‌లో గదులు దొరుకుతాయి.

నువ్వొక్కడివే సిగ్గుపడుతున్నావని అనుకోకు. నోటీసు నువ్వు రాశావు. మొక్కలు పీకింది ఈ చేతులు. తప్పని తెలిసీ పీకాను. పింఛను పోతుందని భయపడి పీకాను. వాగు దగ్గరి ఆరు మొక్కలయినా వదిలేద్దామని ఒక్క క్షణం అనుకుని, అవి కూడా లెక్కలోకి వస్తాయేమోనని పీకేశాను. నీలాగే రూలుకి ఒక్క మాట మిగల్చకుండా చేశాను. మనిద్దరినీ ఒక్కరే పెంచినట్టుంది.

ఫెర్నాన్ ఇంటికి నీకన్నా ముందు నేను వెళ్ళాలి. అది నా వంతు.

ఎడ్మే


పెటిట్-రీవ్,
20 జూన్ 1999

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. వెంటనే రాయలేకపోయాను. నిన్ను డ్రైవింగ్ లైసెన్సుల కౌంటరుకి మార్చారని రాశావు. వరసలో నిలబడినవాళ్ళ ముఖాలు చూస్తూ పనిచెయ్యడం నీకు మంచిదే. కాస్త నవ్వుతూ ఇవ్వు లైసెన్సులు.

విచారణ తీర్పు ఇక్కడ అందరూ చదివారు. "నివారించదగిన మరణం" అన్నారు. ఎవరి తప్పో అందులో రాయరట. కానీ నువ్వు చెప్పింది పేపర్లో మొత్తం వేశారు, మేస్త్రీ దాన్ని దుకాణం గోడకి అంటించాడు. పేపర్లో అంత గొడవయ్యాక కంపెనీ వాళ్ళు ఆ మూడు మాటలూ కొట్టేయడానికి ఒప్పుకున్నారు. వచ్చే శీతాకాలం నుంచి శాఖే గుర్తులు పెట్టిస్తుందట. నన్ను అడిగారు. ఇంకా ఏమీ చెప్పలేదు. బల్లకట్టు మాత్రం ఇక రాదు. ఇనుప ముక్కలుగా కోసి లారీలో పట్టుకుపోయారు, నేను చూడ్డానికి వెళ్ళలేదు.

ఫెర్నాన్ సంగతి అడిగావు. నేను వెళ్ళిన రోజు తలుపు తీసి నన్ను గుమ్మంలోనే నిలబెట్టాడు. చెప్పాల్సింది చెప్పాను. ఆ వారమే నువ్వూ వెళ్ళావు. మొన్న రోడ్డు మీద ఎదురై, "కెప్టెన్ గారూ, అక్కనీ తమ్ముడినీ ఒకేసారి క్షమించాలంటే నాలాంటివాడికి కొంచెం టైం పడుతుంది" అన్నాడు. వాడి పెళ్ళాం ఇంకా తల తిప్పుకునే పోతోంది. పోనీ. ఆవిడ హక్కు.

ఆల్వినా గారి విషయం నీకు రాయాలా వద్దా అని ఇన్నాళ్ళూ ఆగాను.

ఆ రోజు నువ్వు అంతా చెప్పి లేస్తుంటే, ఆవిడ చేతికర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయారని రాశావు. నిజమే. ఆ తర్వాత ఆవిడ మూడు వారాలు ఎవరికీ తలుపు తియ్యలేదు, నాక్కూడా. మే నెలలో కూరకి ఫెర్న్ చిగుళ్ళు కోసి గంపలో పట్టుకెళ్ళి గుమ్మంలో పెట్టి వస్తుంటే పిలిచారు. ఇద్దరం కూర్చుని చిగుళ్ళు వలిచాం. మధ్యలో అడిగారు:

"ఎడ్మే, ఆ అబ్బాయిని ఇక్కడికి ఎవరు పంపారు?"

నేను వలుస్తూనే ఉన్నాను.

"ఎవరూ పంపలేదు. వాడే వచ్చాడు" అన్నాను.

ఆవిడ తలూపారు. "అదే అనుకున్నాను. ఆయన పిల్లల దగ్గర అదొక్కటే చూసేవారు, చేసిన తప్పు అడక్కుండా వచ్చి చెప్తారా లేదా అని. చెప్పినవాడిని ఎప్పుడూ కొట్టలేదు" అన్నారు. తర్వాత ఆ పూట బాగా తిన్నారు. ఆయన పోయాక మొదటిసారి కడుపునిండా తినడం అదేనట.

నలభై ఏళ్ళుగా ఆవిడతో నేను ఒక్క అబద్ధం ఆడలేదు రెయాల్. ఆ రోజు ఆడింది నిన్ను కాపాడటానికి కాదు. ఆవిడ ముఖం చూసి ఆడాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని ప్రార్థన చెయ్యాలంటే తల ఎత్తలేకపోతున్నాను.

ఆవిడకి పెరట్లో కట్టెలు కొట్టేవాళ్ళు లేరు. పైకప్పు ఒకచోట కారుతోంది. నీకు ఎప్పుడు సెలవు దొరుకుతుందో నాకు తెలీదు, అడగను. రమ్మని కూడా రాయడం లేదు. ఇకమీదట ఏ ఉత్తరంలోనూ రాయను. నీ అంతట నువ్వు వస్తే, నేనాడిన అబద్ధం కొంచెమైనా నిజమవుతుంది.

మా ఇంట్లో పడక వేసే ఉంది.

అక్క